ఏనుగు, కొంగ, తేనెటీగ

తోడల్లుళ్ళ మధ్య అసూయ పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. అత్తగారు ఒకరికి కుర్చీ వేసి ఇంకొకరికి బల్ల చూపిస్తే చాలు, పదేళ్ళకు సరిపడా కడుపుమంట తయారవుతుంది. మన కథలో మాత్రం అత్తగారి తప్పేమీ లేదు. ఇక్కడ నిప్పు రాజేసింది ఒక పికప్ బండి. అది కూడా ఇంకా కొనని బండి.

తలుపులు, కిటికీలు చేసే ఆ కార్ఖానాలో డ్రైవర్లు ఇద్దరు. పెద్ద డ్రైవరు పద్దెనిమిదేళ్ళుగా కార్ఖానా సొంత బండిని నడుపుతున్నాడు. చిన్న డ్రైవరు నడిపేది అద్దె బండి. ఈ చిన్న డ్రైవరు ఎవరో కాదు, పెద్ద డ్రైవరు భార్యకు స్వయానా చెల్లెలి భర్త. ఒకప్పుడు ఫర్నిచర్ కొట్లో పాలిష్ పని చేసేవాడు. ఆ కొట్టు మూతపడి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, పక్కన కూర్చోబెట్టుకుని స్టీరింగు నేర్పి, "మా తోడల్లుడు, బుద్ధిమంతుడు" అని చెప్పి పనిలో పెట్టించింది పెద్ద డ్రైవరే. అప్పటికి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ బుద్ధిమంతుడు ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు. తలుపులు కొన్నవాళ్ళు ఫోను చేసి "ఆ చిన్నాయన్ని పంపండి" అని అడగడం మొదలుపెట్టారు. ఎందుకంటే అతను తలుపు దించి ఊరుకోడు. జేబులోంచి గుడ్డ తీసి దాని మీది దుమ్ము తుడుస్తాడు, ఎండ తగిలే వైపు ఏ నూనె పూయాలో చెప్తాడు, వీలైతే ఇంటివాళ్ళ పాత కుర్చీ కాలు కూడా ఒకసారి చూసి వస్తాడు. "దించడం మన పని. దానికి ముస్తాబు చేయడానికి అదేమన్నా పెళ్ళికూతురా?" అని పెద్ద డ్రైవరు ఒకసారి అన్నాడు. అందరూ నవ్వారు. చిన్న డ్రైవరు అందరికంటే ఎక్కువ నవ్వాడు. అది ఇంకా మంట.

పెద్ద డ్రైవరుకు మిగిలిన గౌరవం ఒక్కటే. బండ్ల సంగతిలో అతని మాటే మాట. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు. చుట్టుపక్కల ఎవరు బండి కొన్నా ముందు అతని చెవిన వేసేవారు. కార్ఖానా యజమానురాలిని అందరూ ఓనరమ్మ అంటారు. ఆవిడ ఒక సోమవారం పొద్దున్న అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచి స్టూలు చూపించింది.

"పెద్ద డ్రైవరు గారూ, అద్దె బండికి ఇక దండం పెట్టేద్దాం. మనదే ఇంకో పికప్ కొందాం. మూడు కంపెనీల వాళ్ళు తలా ఒకరోజు నడిపి చూసుకోమన్నారు. మీరు చూసి చెప్పండి."

"ఏం చూడమంటారు మేడమ్?"

"దారిలో మొరాయించకూడదు, అది మొదటిది. నమ్మకం అనుకోండి. కొత్తగా ఏవేవో వచ్చాయంటున్నారు, వాటిలో మనకు పనికొచ్చేవెన్నో చూడండి. మూడోది, రోజూ మన తలుపులు మోయడానికి ఏది సుఖం. తలా పది మార్కులు. చెక్క మీద రాసివ్వండి."

ఆ కార్ఖానాలో కాగితం వాడకం తక్కువ. కొలతలైనా, సెలవు చీటీ అయినా, ఎవరైనా ఎవరినైనా తిట్టాలన్నా, చేతికందిన ప్లైవుడ్ ముక్క మీద మేస్త్రీల మొద్దు పెన్సిలుతో రాసి మేకుకు తగిలిస్తారు.

కొత్త బండి తనకే అని పెద్ద డ్రైవరు ఆ స్టూలు మీదే తేల్చేసుకున్నాడు. వరస ప్రకారం చూసినా అంతే కదా. కొత్తది పెద్దవాడికి, పాతది చిన్నవాడికి. ఓనరమ్మ అలా అనలేదు. కానీ అననిది వినడంలో ఆశ ఉన్నవాడి చెవులు మహా చురుకు.

మూడు బండ్లకూ మూడు గుర్తులు. ముందు రేకు మీద ఏనుగు బొమ్మ ఉన్నదొకటి, కొంగ బొమ్మ ఉన్నదొకటి, తేనెటీగ బొమ్మ ఉన్నదొకటి. కంపెనీల పేర్లు నోరు తిరగక అందరూ ఆ బొమ్మల పేర్లే అన్నారు.

పరీక్ష మాత్రం అతను న్యాయంగా చేశాడు. అది చెప్పి తీరాలి. మూడు రోజులూ ఒకే సరుకు వేశాడు: తొమ్మిది తలుపులు, రెండు అద్దాల కిటికీలు. ఒకే దారి. బడి దగ్గర వరసగా నాలుగు స్పీడ్ బ్రేకర్లు, తర్వాత గుట్ట మీది కాలనీకి ఎక్కుడు, ఆఖరున మార్కెట్టు వెనక సందు. ఆ సందులో బండి తిప్పాలంటే ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఆడాలి. సరుకు దించడానికి చిన్న డ్రైవరును వెంట తీసుకెళ్ళాడు.

మొదటి రోజు తేనెటీగ. చిన్న బండి, నూనె తక్కువ తాగుతుంది, సందులో రెండు తిప్పులకే తిరిగింది. కానీ తొమ్మిది తలుపులతో గుట్ట ఎక్కేటప్పుడు దాని ఆయాసం వింటే దిగి తోయాలనిపించింది.

రెండో రోజు కొంగ. లోపల టీవీ అంత తెర. అద్దం తుడవాలన్నా, గాలి రావాలన్నా తెర మీద వేలు పెట్టాలి. వెనక ఏముందో చూపించడానికి కెమెరా. మీట నొక్కితే వెనక డాలా, అంటే తొట్టిని మూసే రేకు రెక్క, మోటారు మీద దానంతటదే కిందికి దిగింది. చిన్న డ్రైవరు పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"అన్నయ్యా, ఇది బండి కాదు, గారడీ. ఇంకోసారి దింపండి."

పెద్ద డ్రైవరు ఇంకోసారి దింపాడు. ఆ తర్వాత తలుపు లోపలికి తోశాడు. తొట్టి పొట్టిది. ఏడడుగుల తలుపు అడుగున్నర బయటికి వచ్చి నిలబడింది. గారడీ డాలా ఇక మూసుకోలేదు, తాడుతో కట్టుకోవాల్సి వచ్చింది. తొట్టి నేల మనిషి ఛాతీ ఎత్తున ఉంది. టేకు తలుపును అంత ఎత్తుకు ఎక్కించడం, అంత ఎత్తు నుంచి దించడం మాటలు కాదు. కార్ఖానాలో నలుగురు సాయం పడతారు గానీ, ఇళ్ళ దగ్గర దించేది డ్రైవరు ఒక్కడే. ఇక కెమెరా మీద రంపపు పొట్టు పేరుకుని మధ్యాహ్నానికే తెర మసకబారింది.

మూడో రోజు ఏనుగు. తెరా లేదు, గారడీ లేదు. ఎనిమిది అడుగుల తొట్టి నడుం ఎత్తులో ఉంది. మూడు పక్కలా డాలాలు దిగుతాయి, తలుపును ఏ వైపు నుంచైనా జారవిడవచ్చు. గుట్ట మీదికి ఏమీ జరగనట్టు ఎక్కింది. స్పీడ్ బ్రేకర్ల మీద అద్దాల కిటికీలు చిన్న చప్పుడు కూడా చేయలేదు. పాడైనా ఏ వీధి మెకానిక్ అయినా బాగుచేయగలడు. సాయంత్రం తాళం తిరిగి ఇచ్చేటప్పుడు పెద్ద డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి ఒక్క నిమిషం ఎక్కువసేపే ఉంచాడు. ఈ వయసులో మళ్ళీ ఒకదాని మీద మనసు పడడం ఏమిటని సిగ్గు కూడా వేసింది.

చెక్క మీద రాశాడు. పెన్సిలు గట్టిగా అదిమి రాయడం అతని అలవాటు. పైన ఏనుగు: నమ్మకం తొమ్మిది, కొత్తదనం అయిదు, వాడకం తొమ్మిది. మధ్యన తేనెటీగ: ఏడు, ఆరు, ఏడు. అడుగున కొంగ: నమ్మకం అయిదు, కొత్తదనం తొమ్మిది, వాడకం నాలుగు. రేపు ఇద్దామని చెక్కను బండి సీటు వెనక పెట్టి, టీ తాగడానికి వెళ్ళాడు.

టీ బల్ల దగ్గర హెడ్ మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. "అయిందా పరీక్ష? మీ తోడల్లుడి పంట పండింది పో. కొత్త బండి."

"వాడికెందుకు పండుతుంది?"

"అదేంటి, అద్దె బండి తీసేస్తే అతను దేన్ని నడుపుతాడు? నీ పాత బండిని నువ్వు తప్ప ఎవరూ నడపలేరని ఓనరమ్మే అన్నది. దాని గేరు ఎక్కడుంటుందో దానికే తెలీదంట, నీకే తెలుసంట." మేస్త్రీ అది పొగడ్తగానే చెప్పాడు.

పెద్ద డ్రైవరు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పద్దెనిమిదేళ్ళు ఒక ముసలి బండిని పోరు పెట్టకుండా నడిపినందుకు బహుమానం ఏమిటయ్యా అంటే, ఆ ముసలి బండే. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. ఆ ఏనుగు సీటులో చిన్న డ్రైవరు కూర్చుని, కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నట్టు కళ్ళకు కట్టింది. ఒళ్ళు మండిపోయింది. మండింది అనడం కూడా తక్కువే.

ఇంటికి వెళ్తే అప్పటికే కబురు చేరిపోయింది. భార్య అన్నం వడ్డిస్తూ సంబరంగా చెప్పింది.

"విన్నారా, మరిదిగారికి కొత్త బండి ఇస్తున్నారంట. చెల్లి ఫోన్లో ఒకటే ఆనందం. ఏది కొనాలో మీరే చెప్తారంటగా? మంచిది చూసి చెప్పండి, పాపం."

"పాపం ఎవరికి?" అన్నాడు.

"అదేం మాటండీ?"

అతను అన్నం కెలికి లేచిపోయాడు. భార్య అతను వదిలేసిన కంచం వైపు చూసి, కూర బాగాలేదేమో అనుకుని ఒక ముక్క నోట్లో వేసుకుంది. బాగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, పెద్ద డ్రైవరు గరుకు కాగితం ముక్క ఒకటి తీసుకుని సీటు వెనక చెక్కను ఒళ్ళో పెట్టుకున్నాడు. పైవరస రుద్దాడు, అడుగువరస రుద్దాడు. అక్షరాలు పోయాయి, పొట్టు ఊదేశాడు. పైన కొంగ అని రాశాడు: తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. అడుగున ఏనుగు: అయిదు, అయిదు, ఆరు. రాస్తుంటే చెయ్యి వణకలేదు. ఆ సంగతి తర్వాత అతన్ని చాలా రోజులు వేధించింది. వణికి ఉంటే బాగుండేది అనుకునేవాడు.

ఓనరమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "కొంగకు నమ్మకంలో తొమ్మిదా? కొత్త కంపెనీ కదా?"

"కొత్త నీళ్ళే శుభ్రంగా ఉంటాయి మేడమ్."

"తొట్టి పొట్టి అని ఎవరో అన్నారు?"

"తాడు కట్టుకుంటే సరిపోతుంది."

"సరే. మీ మాట మీదే కొంటున్నాను" అని ఆవిడ చెక్కను బల్ల పక్కన మేకుకు తగిలించింది.

పదిహేను రోజుల్లో కొంగ వచ్చి కార్ఖానా ముందు వాలింది. తాళం తీసుకోవడానికి ఆఫీసులోకి వెళ్ళిన చిన్న డ్రైవరు, తాళంతో వెంటనే బయటికి రాలేదు. అయిదు నిమిషాలు పట్టింది. వచ్చాక తిన్నగా పెద్ద డ్రైవరు దగ్గరకు వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, ఏదో అనబోయి, "చాలా థాంక్స్ అన్నయ్యా" అని మాత్రం అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. బండి వచ్చిన సంతోషం కాబోలు అనుకున్నాడు పెద్ద డ్రైవరు. ఏడు నాయనా, వారం పోతే నిజంగా ఏడుద్దువుగాని, అని కూడా అనుకున్నాడు.

వారం పోయింది. అనుకున్నట్టే అన్నీ జరిగాయి. తలుపులు బయటికి పొడుచుకు వచ్చాయి. మోటారులో రంపపు పొట్టు పడి డాలా సగంలో ఆగి, పైకీ రాక కిందికీ పోక వేలాడింది. ఒక వాన రోజు తెర పనిచేయకుండా బిగుసుకుపోయి అద్దం తుడిచే పుల్లలు కదల్లేదు, చిన్న డ్రైవరు కిటికీలోంచి చెయ్యి పెట్టి గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు. పెద్ద డ్రైవరు తన పాత బండిలో కూర్చుని ఆ దృశ్యం చూశాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట అన్నం రుచిగా ఉంది.

కానీ చిన్న డ్రైవరు ఏడవలేదు. ఒక్కరోజు కూడా ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. సాయంత్రాలు ఆగిపోయి, పనికిరాని చెక్కలతో ఒక చట్రం చేశాడు. దానికి మడతబందులు వేసి తొట్టి చివర బిగించాడు. మడిస్తే లోపలికి పోతుంది, తెరిస్తే తొట్టి ఏడున్నర అడుగులవుతుంది. మోటారుకు పాత తోలు సంచితో తొడుగు కుట్టాడు. కెమెరాకు చిన్న చెక్క గొడుగు పెట్టాడు. ఓనరమ్మ కార్ఖానా అందరినీ పిలిచి ఆ చట్రాన్ని చూపించింది. హెడ్ మేస్త్రీ బందుల బిగింపు చూసి, "చేతులంటే ఇవీ" అన్నాడు. కొంగ కంపెనీవాళ్ళు కూడా వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళారు.

తను తవ్విన గోతిని తోడల్లుడు బావిలా వాడుకుంటున్నాడు. పెద్ద డ్రైవరు ఇది తట్టుకోలేకపోయాడు. మంచి బండి ఇచ్చి ఉంటే కనీసం "బండి మంచిది" అనేవారు. ఇప్పుడు "మనిషి మంచివాడు" అంటున్నారు. తన చేత్తో తనే నూనె పోశాడు ఆ దీపానికి.

చట్రంతో పొడవు పెరిగింది గానీ ఎత్తు తగ్గలేదు. నాలుగో నెలలో, గుట్ట మీది ఒక ఇంటి దగ్గర, సింహద్వారం తలుపును ఛాతీ ఎత్తు నుంచి ఒక్కడే దించుకుంటూ చిన్న డ్రైవరు కుడి భుజం పట్టుకుని కూలబడ్డాడు. తలుపును మాత్రం నేల మీద పడనివ్వలేదు, వీపు మీద ఆపుకున్నాడంట. భుజంలో కండ చిరిగిందని, మూడు వారాలు బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు.

కబురు విన్న మొదటి క్షణం పెద్ద డ్రైవరు సంతోషించాడు. దాచడం ఎందుకు, సంతోషించాడు. రెండో క్షణం నుంచి ఆ సంతోషం అతన్ని వదిలిపెట్టకుండా పట్టుకుంది. చూడ్డానికి వెళ్తే మరదలు కుర్చీ వేసి, "చూడండి బావగారూ, చెంచా కూడా పట్టుకోలేకపోతున్నారు" అని కళ్ళు తుడుచుకుంది. మంచం మీది మనిషి మాత్రం, "బండి తప్పేం లేదన్నయ్యా, నేనే సరిగ్గా పట్టుకోలేదు" అన్నాడు. అడక్కుండానే అన్నాడు. పెద్ద డ్రైవరు వాళ్ళిచ్చిన టీ తాగకుండా వచ్చేశాడు.

మూడు వారాలన్నది చిన్న డ్రైవరు పదిరోజులకే మెడకు గుడ్డ కట్టుకుని పనికి వచ్చేశాడు. సరిగ్గా ఆ వారమే పాత బండిని తనిఖీకి తీసుకెళ్తే, దీనికి ఆయుష్షు తీరిపోయింది, ఇక రోడ్డెక్కకూడదు అని కాగితం ఇచ్చి పంపారు. ఓనరమ్మ డ్రైవర్లిద్దరినీ ఆఫీసులోకి పిలిచింది.

"పెద్ద డ్రైవరు గారికి కొత్త బండి కొనాలి. మళ్ళీ పరీక్షలెందుకు? ముప్పైకి ఇరవయ్యేడు మార్కులు వేశారుగా, ఇంకో కొంగనే తెచ్చేద్దాం. ఏమంటారు?"

పెద్ద డ్రైవరు లెక్క వేసుకున్నాడు. అవునంటే రేపటి నుంచి తన యాభై రెండేళ్ళ భుజం మీద అదే ఎత్తు, అదే తలుపు. వద్దంటే, మరి ఆ రోజు ఎందుకు రాశావన్న ప్రశ్న. బండ్ల సంగతిలో తన మాటే మాట అన్న ఒక్క గౌరవమూ ఆ గదిలోనే రాలిపోతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"వద్దు మేడమ్" అన్నాడు చిన్న డ్రైవరు. "అన్నయ్యకు ఏనుగు కొనండి."

"ఏనుగుకు ఆయనే అన్నిటికంటే తక్కువ వేశారు కదా?"

చిన్న డ్రైవరు ఎడమచేత్తో మేకు నుంచి చెక్క తీశాడు. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుగుకు ఏటవాలుగా పట్టుకున్నాడు.

"ఇటు చూడండి. పైవరసా అడుగువరసా గరుకు కాగితంతో రుద్ది ఉన్నాయి. అది కూడా చెక్క చార వెంబడి కాదు, అడ్డంగా. పాలిష్ పని తెలిసినవాళ్ళు ఎవరూ అలా రుద్దరు, గీతలు పడతాయి. అన్నయ్యకు తెలీదు. పెన్సిలేమో గట్టిగా అదిమి రాస్తారు. పైపై గీత పోయింది గానీ పల్లం పోలేదు. వేలు పెడితే చదవొచ్చు. పైన ముందు రాసింది ఏనుగు. అడుగున కొంగ."

పెద్ద డ్రైవరు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. ఒక పక్క హాయిగా కూడా అనిపించింది.

"తాళం తీసుకున్న రోజే చూశాను మేడమ్" అని చిన్న డ్రైవరు చెప్పుకుపోయాడు. "పరీక్ష రోజు కొంగ డాలా దిగుతుంటే నేను పిల్లాడిలా చప్పట్లు కొట్టాను. బండి నాకు ఇస్తున్నారని తెలిశాక, నా ముచ్చట తీర్చడానికి ఆయన తనకు నచ్చినదాన్ని కిందికి దించి, నాకు నచ్చినదాన్ని పైన పెట్టారు. సొంత అన్న కూడా చేయడు. నాకు బండి నడపడం నేర్పిన మనిషి మేడమ్, బండ్ల విషయంలో మాట పోగొట్టుకోవడం ఆయనకు చిన్న విషయం కాదు. నా కోసం చేశారు. అందుకే ఎంత ఇబ్బంది పెట్టినా ఆ బండిని ఒక్క మాట అనలేకపోయాను. ఆయన నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా బండి తప్పేం లేదనే చెప్పాను. ఇప్పుడు ఆయన వంతు కదా, ఆయనకు నచ్చింది కొనండి."

ఓనరమ్మ కళ్ళజోడు తీసి పెద్ద డ్రైవరు వైపు చూసింది.

"నిజమేనా అండీ?"

కాదు అనడానికి నోరు తెరిచాడు. ఒక్క మాట, రెండక్షరాలు.

"వాడు అంతగా ముచ్చటపడ్డాడని..." అన్నాడు.

పొద్దుగూకేలోపు ఆ కథ కార్ఖానా అంతా తిరిగి ఇంటికి కూడా చేరింది. హెడ్ మేస్త్రీ లేచి నిలబడి తన స్టూలు ఇచ్చాడు. ఇంట్లో భార్య టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"నేనే మిమ్మల్ని తప్పుగా అనుకున్నానండీ. మరిదిగారంటే మీకు గిట్టదేమో అనుకునేదాన్ని" అంది. పెళ్ళయిన ఇరవై అయిదేళ్ళలో ఆవిడ అతన్ని అలా చూడడం అదే మొదలు. అతను టీ వైపు చూశాడు గానీ ఆవిడ వైపు చూడలేకపోయాడు. ఆవిడ చూస్తున్నది ఎవరినో. ఆ మనిషి ఎవరో గానీ, వాడి మీద కూడా పెద్ద డ్రైవరుకు అసూయ పుట్టింది.

ఏనుగు వచ్చింది. కోరుకున్నదే, అదే రంగు. తాళం జేబులో బరువుగా ఉంది. మొదటి రోజు పొద్దున్న కార్ఖానా ముందు రెండు బండ్లూ పక్కపక్కన నిలిపి సరుకు ఎక్కిస్తున్నారు. ఏనుగులోకి తలుపులు నడుం ఎత్తున జారిపోతున్నాయి. పక్కన చిన్న డ్రైవరు మెడలో గుడ్డ తీసేసి, పళ్ళు బిగబట్టి, ఎడమ భుజం మీద తలుపును ఛాతీ ఎత్తుకు నెడుతున్నాడు. నెట్టి, వగర్చి, పెద్ద డ్రైవరు తనవైపు చూస్తున్నాడని గమనించి నవ్వాడు.

"బాగుందా అన్నయ్యా ఏనుగు?"

పెద్ద డ్రైవరు ఇక ఆగలేకపోయాడు. దగ్గరకు వెళ్ళి ఏనుగు తాళం అతని చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వు తీసుకో. కొంగ నాకివ్వు."

"అయ్యో, మీకొచ్చిన బండి..."

"చెప్పేది విను. ఆ చెక్క నేను నీ కోసం దిద్దలేదు. నీకు పాడుబండి రావాలని దిద్దాను. నిన్ను చూస్తే నాకు ఏడుపు. అందరూ నిన్నే అడుగుతారని ఏడుపు, నువ్వు నవ్వుతావని ఏడుపు. నాలుగేళ్ళుగా ఇదే. నీ భుజం పోయిందంటే సంతోషించాను కూడా. ఇదీ నిజం."

చిన్న డ్రైవరు తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి అతని మొహంలోకి చూశాడు. పెద్ద డ్రైవరు చెంపదెబ్బకు సిద్ధపడి నిలబడ్డాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

చిన్న డ్రైవరు పకపకా నవ్వాడు. భుజం నొప్పి పుట్టి, దాన్ని పట్టుకుని మరీ నవ్వాడు.

"మీకు నన్ను చూసి ఏడుపా? నాలో ఏముందని అన్నయ్యా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఊరికే ఇస్తే నేను మొహమాటపడి తీసుకోనని ఇంత కథ అల్లారా? ఇంక మీతో వాదించలేను. భుజం బాగయ్యేదాకా తీసుకుంటాను, సరేనా?"

"నేను చెప్పింది నిజం" అన్నాడు పెద్ద డ్రైవరు.

"సరే, సరే, నిజమే" అని అతని వీపు తట్టి, కొంగ తాళం చేతిలో పెట్టి, చిన్న డ్రైవరు ఏనుగు ఎక్కాడు. గేటు దాటేలోపు ఫోను తీసి పెళ్ళాంతో చెప్పడం వినిపించింది. "అన్నయ్య ఏం చేశాడో తెలుసా..."

పెద్ద డ్రైవరు కొంగ పక్కన నిలబడ్డాడు. బండి మీద ఇక అసూయ లేదు, పొగడ్తల మీదా లేదు. ఎదుటివాడు తన నోటితో తాను చెడ్డవాణ్ణని చెప్పినా నమ్మలేని మనసు ఒకటి ఉంటుందని, అది తన తోడల్లుడికి ఉందని, తనకు ఎన్నటికీ ఉండదని అతనికి తెలిసింది. ఇంతకాలం పడిన ఏడుపంతా ఒక ఎత్తు, ఇప్పుడు మొదలైంది ఒక ఎత్తు.